సెట్టింగ్స్ కనబడలేదని ఫోన్ రీసెట్ చేయించకండి

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక సందులో నాది చిన్న మొబైల్ సర్వీస్ షాపు. డిస్‌ప్లే పగిలిందనో, చార్జింగ్ ఎక్కడం లేదనో, నీళ్ళలో పడిందనో వచ్చేవాళ్ళే ఎక్కువ. వాటి సంగతి తేలిక, పార్టు మారిస్తే పని అయిపోతుంది. ఈరోజు రాయాలనుకున్నది ఇంకో రకం ఫిర్యాదు గురించి. "అన్నా, ఫోన్లో సెట్టింగ్స్ యాడా కనపడ్డంల్యా" అంటూ వస్తారు. నా దగ్గరికి రాకముందే ఇంకెవరో "రీసెట్ కొట్టాల, డేటా అంతా పోతాది" అని చెప్పి పంపి ఉంటారు. అప్పటికే వాళ్ళకు సగం ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, లోపల ఉన్నవి యాడ కొంటారు?

రీసెట్ అనేది ఆఖరున చేయాల్సిన పని. మొదటే ఆ మాట అనేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

సెట్టింగ్స్ మనం ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్ లాంటిది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ మెమరీ చూడటానికి అంతా ఒకటే అనిపించినా లోపల భాగాలుంటాయి. కంపెనీ వేసి పంపిన సాఫ్ట్‌వేర్ ఉండేది సిస్టమ్ భాగం. మన ఫొటోలు, చాటింగులు, మనం వేసుకున్న యాప్‌లు ఉండేది డేటా భాగం. సిస్టమ్ భాగాన్ని ఫోన్ చదువుకుంటుందే గానీ అందులో ఏమీ రాయదు. రూట్ చేయని ఫోన్లో, అంటే కంపెనీ పెట్టిన తాళాలు విప్పని ఫోన్లో, మనం ఏం నొక్కినా, ఏం తీసేసినా ఆ భాగానికి ఏమీ కాదు. సెట్టింగ్స్ యాప్ అసలు ఫైలు ఉండేది అక్కడే.

మరి కనబడకుండా ఎట్లా పోతుంది? కొన్నిసార్లు ఐకాన్ ఒక్కటే దాచి ఉంటారు. కొన్నిసార్లు యాప్‌ను డిసేబుల్ చేసి ఉంటారు. ఇంకొన్నిసార్లు "ఈ యూజర్‌కు ఈ యాప్ లేదు" అని డేటా భాగంలో ఉండే ఒక చిట్టాలో ఫోన్ రాసుకుని ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ అంటే డేటా భాగాన్ని పూర్తిగా తుడిచేయడం. రీసెట్ తర్వాత సెట్టింగ్స్ తిరిగొచ్చిందంటే ఆ చిట్టా కూడా మిగతావాటితోపాటు చెరిగిపోయిందని అర్థం. చిట్టాలో ఒక్క వరుస మారిస్తే అయ్యేదానికి ఫోన్లో ఉన్న బతుకంతా తుడిచేయడం ఏం న్యాయం?

రాయచోటి వైపు పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కూతురు కువైట్‌లో ఇంటి పనికి పోయింది. మా జిల్లాల నుంచి అట్లా పోయిన ఆడబిడ్డలు ఎంతమందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పెద్దమ్మకు చదువు రాదు. అందుకని కూతురు ఏం చెప్పాలన్నా వాట్సాప్‌లో మాట్లాడి పంపిస్తుంది. సెలవులకు వచ్చిన మనవడు ఫోన్‌కు ఏదో థీమ్ వేసి, రింగ్‌టోన్ మార్చి ఊరికి పోయాడు. ఫోన్ మోగినా పక్కింటోళ్ళదేమో అనుకుని పెద్దమ్మ తీయడం లేదు. పాత పాట పెట్టించుకుందామని వీధిలో పిల్లోడికి చూపిస్తే సెట్టింగ్స్ లేదన్నాడు. ఒక షాపుకు తీసుకుపోతే రీసెట్ అన్నారట.

"అబ్బీ, నా బిడ్డ మాటలన్నీ దీంట్లోనే ఉండాయి. అయ్యన్నీ పోతాయంట కదా" అనింది. ఫోన్ నా చేతికివ్వకుండా కొంగులో పట్టుకునే అడిగింది.

"పోవు పెద్దమ్మా, కూర్చో" అన్నాను. ఫోన్ తీసుకుని పైనుంచి కిందికి వేలితో లాగాను. వైఫై, బ్లూటూత్, టార్చ్ గుర్తులుండే ఆ పరదా పూర్తిగా దిగాక మూలలో చిన్న పళ్ళ చక్రం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే సెట్టింగ్స్ టక్కున తెరుచుకుంది. యాప్ నిక్షేపంగా ఉంది. ఐకాన్ మాత్రమే లేదు.

మనవడు వేసింది ఉత్త థీమ్ కాదు, బయటి లాంచర్. ఫోన్ తెరవగానే ఐకాన్లన్నీ వరుసగా చూపించే యాప్‌ను లాంచర్ అంటారు. అది కొట్టు ముందర బోర్డు లాంటిది, బోర్డు పీకేస్తే లోపల సరుకు పోయినట్టు కాదు. చాలా లాంచర్లలో యాప్‌లను దాచే సౌకర్యం ఉంటుంది. పిల్లోడు తెలిసి దాచాడో, తెలియక టిక్ పెట్టాడో నేను అడగలేదు. ఐకాన్లు లేని ఖాళీ చోట గట్టిగా నొక్కి పట్టుకుంటే లాంచర్ సొంత సెట్టింగ్స్ వచ్చాయి. హిడెన్ యాప్స్ అనే చోట టిక్ తీసేస్తే ఐకాన్ వచ్చేసింది. తర్వాత అసలు సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్ళి, హోమ్ యాప్ దగ్గర కంపెనీ లాంచర్‌నే మళ్ళీ పెట్టి, బయటిదాన్ని తీసేశాను. రింగ్‌టోన్ కూడా మార్చి నా ఫోన్ నుంచి ఒక రింగ్ ఇచ్చాను. "ఆ, ఇదే, ఇదే" అనింది. కూతురు పంపిన మాట ఒకటి అక్కడే పెట్టి వినింది. మేమంతా కాసేపు పని ఆపేశాం.

ఇంతే పని. దీనికి రీసెట్ అన్నారు!

కాబట్టి మీ ఫోన్లోనో ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లోనో సెట్టింగ్స్ కనబడకపోతే ముందు ఆ పళ్ళ చక్రం నొక్కండి. చక్రం దొరక్కపోతే అదే పరదాలో వైఫై గుర్తును నొక్కి పట్టుకోండి. వైఫై పేజీ తెరుచుకుంటే సెట్టింగ్స్ బతికే ఉన్నట్టు, ఎందుకంటే ఆ పేజీ సెట్టింగ్స్‌లోదే. ఏ యాప్ ఐకానైనా నొక్కి పట్టుకుంటే వచ్చే యాప్ ఇన్ఫో పేజీ కూడా చాలా ఫోన్లలో అంతే. గూగుల్ అసిస్టెంట్ వాడే అలవాటుంటే "ఓపెన్ సెట్టింగ్స్" అని చెప్పి చూడండి. యాప్‌ల వరుస పైన వెతికే చోట పేరు కొట్టి చూడండి. ఫోన్ భాష తెలుగులోకి మారి ఉంటే స అక్షరం దగ్గర ఉంటుంది, అక్కడా చూడండి. కొన్ని ఫోన్లలో టూల్స్ అనే ఫోల్డర్‌లో కాలిక్యులేటర్, టార్చ్ పక్కన పడి ఉంటుంది.

ఫోన్ ఏదైనా ప్రత్యేక మోడ్‌లో ఉందేమో కూడా గమనించండి. పిల్లల మోడ్‌లో పెడితే సెట్టింగ్స్ దాచేస్తుంది, పిన్ కొట్టి బయటికి రావాలి. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు పెట్టే అతి పొదుపు మోడ్‌లో నాలుగైదు యాప్‌లు తప్ప అన్నీ మాయమవుతాయి, మోడ్ ఆపేస్తే అన్నీ వస్తాయి. వేసవిలో కరెంటు పోయిన రోజుల్లో ఈ కేసులు మా షాపుకు ఎక్కువ.

లాంచర్ మీదే అనుమానం ఉండి ఏం నొక్కాలో తెలియకపోతే సేఫ్ మోడ్ ఉంది. పవర్ బటన్ నొక్కితే వచ్చే మెనూలో పవర్ ఆఫ్ గుర్తును గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్‌కు వెళ్ళాలా అని అడుగుతుంది. ఆ మోడ్‌లో బయటి నుంచి వేసిన యాప్‌లేవీ పనిచేయవు. కంపెనీ లాంచర్ ముందుకు వస్తుంది, దాంతోపాటే సెట్టింగ్స్ ఐకానూ వస్తుంది. అప్పుడే బయటి లాంచర్‌ను తీసేసి ఫోన్ రీస్టార్ట్ చేస్తే మామూలు మోడ్‌కు వచ్చేస్తుంది. ఫొటో ఒక్కటి కూడా పోదు.

ఐఫోన్ వాళ్ళకు దిగులు అక్కర్లేదు. అందులో సెట్టింగ్స్‌ను డిలీట్ చేయడం కుదరదు. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఐకాన్‌ను హోమ్ స్క్రీన్ మీద నుంచి తీసేయడం మాత్రం కుదురుతుంది. యాప్ లైబ్రరీలో వెతికి, ఐకాన్ నొక్కి పట్టుకుని మళ్ళీ హోమ్ స్క్రీన్ మీదికి లాగితే సరి.

పళ్ళ చక్రం నొక్కినా ఏమీ తెరుచుకోకపోతే అది వేరే కథ. దాని దగ్గరికి వచ్చేముందు రీసెట్ గురించి ఇంకో మాట చెప్పాలి. షాపుల్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

సెట్టింగ్స్ లోపలి నుంచి రీసెట్ చేయడం వేరు, ఫోన్ ఆఫ్ చేసి బటన్లు నొక్కి పట్టుకుంటే వచ్చే రికవరీ మోడ్ అనే మెనూ నుంచి చేయడం వేరు. సెట్టింగ్స్ లోంచి చేస్తే ఫోన్ ముందు మన పిన్ అడుగుతుంది, సొంతదారే చేస్తున్నాడని నమ్ముతుంది. రికవరీ నుంచి చేస్తే ఎవరో దొంగిలించి తుడుస్తున్నారేమో అని అనుమానిస్తుంది. అందుకే ఫోన్ మళ్ళీ ఆన్ అయ్యాక "ఇంతకు ముందు ఈ ఫోన్లో ఉన్న గూగుల్ అకౌంట్ చెప్పు" అంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఈ కాపలాను ఎఫ్ఆర్‌పీ, అంటే ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ అంటారు. దొంగల మీద అది మంచి ఆయుధమే. కానీ సెట్టింగ్స్ పోయిన ఫోన్‌కు సెట్టింగ్స్ లోంచి రీసెట్ ఎట్లా చేస్తారు? రికవరీ ఒక్కటే దారి. అంటే కాపలా తప్పదు.

ఇప్పుడు మన పల్లెల్లో సంగతి ఆలోచించండి. ఫోన్ కొన్నరోజు షాపులో పిల్లోడు ఏదో ఒక పేరుతో జీమెయిల్ తెరిచి, నోటికొచ్చిన పాస్‌వర్డ్ పెట్టి, ప్లే స్టోర్ తెరుచుకునేట్టు చేసి ఇస్తాడు. ఆ జీమెయిల్ పేరు కొన్నాయనకు తెలియదు, పాస్‌వర్డ్ పెట్టినోడికి సాయంత్రానికి గుర్తుండదు. ఆ ఫోన్‌ను రికవరీ నుంచి రీసెట్ కొడితే లోపలివన్నీ పోవడమే కాదు, ఫోన్ తెరుచుకోదు కూడా. ఒక రైతన్న ఫోన్ అట్లాగే నా బల్ల మీదికి వచ్చింది. పొలంలో బోరు పాయింట్ దగ్గర తీసిన ఫొటోలు, అమ్మ చివరి రోజుల వీడియోలు అప్పటికే లేవు, ఫోనేమో ఏ జీమెయిల్ అని అడుగుతా ఉంది. బిల్లు, బాక్సు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళమని చెప్పడం తప్ప నేనేం చేయగలను? రీసెట్ కొట్టే ముందు ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇక చక్రం నొక్కినా తెరుచుకోని ఫోన్ల సంగతి.

ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు వచ్చాడు. ఫోన్ స్లోగా ఉందని, కంపెనీ వేసిన అక్కర్లేని యాప్‌లు తీసేద్దామని ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒక డీబ్లోట్ టూల్‌తో కూర్చున్నాడు. పెద్ద జాబితాకు టిక్కులు పెట్టి ఒకేసారి తీసేశాడు. అందులో సెట్టింగ్స్ కూడా పోయింది. "అన్నా, చక్రం నొక్కితే ఊరికే మెరిసి గమ్మునుంటాంది" అన్నాడు. ఆ మాట వినగానే ఇది లాంచర్ కేసు కాదని అర్థమైంది.

తర్వాత ఇంకో పని కూడా చేశాడట, నెట్‌లో వెతికి సెట్టింగ్స్ ఏపీకే, అంటే ప్లే స్టోర్ లేకుండా యాప్ వేసుకునే ఫైలు, దించి వేయబోయాడు. "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని వచ్చింది. అది వేసుకోలేకపోవడమే మంచిదైంది. సెట్టింగ్స్‌కు ఫోన్లో సిస్టమ్ స్థాయి అధికారాలుంటాయి. ఫోన్ తయారు చేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉన్నదాన్నే ఫోన్ ఆ స్థానంలో ఒప్పుకుంటుంది. వేరే ఫోన్ నుంచి తీసినదో, ఏదో వెబ్‌సైట్‌లో పెట్టినదో వేసినా సంతకం కలవదు. ఒకవేళ "సెట్టింగ్స్" అనే పేరుతో ఉన్న ఏపీకే ఏదైనా సాఫీగా ఇన్‌స్టాల్ అయిందంటే భయపడాల్సింది అప్పుడే. అది ఇంకేదో యాప్, ఆ పేరు పెట్టుకుని వచ్చింది. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో ఏపీకేలు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. అట్లాంటిది ఏదైనా వేసుకుని డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

తమ్ముడి ఫోన్లో విచిత్రం ఏమిటంటే, కాల్స్ పోతున్నాయి, వాట్సాప్ నడుస్తోంది, కొత్త యాప్ వేస్తే కెమెరా అనుమతి అడిగే చిన్న పెట్టె కూడా వస్తోంది. ఆ పెట్టె చూపించేది వేరే సిస్టమ్ యాప్. కానీ వేలిముద్ర మార్చలేడు, లాక్ మార్చలేడు, యాప్ ఇన్ఫో తెరుచుకోదు. ఫొటోలు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుందామని కేబుల్ పెడితే ఫోన్ చార్జింగ్ మాత్రమే అవుతుంది. ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవడానికి నోటిఫికేషన్ నొక్కాలి కదా, నొక్కితే తెరుచుకోవాల్సిన పేజీ సెట్టింగ్స్‌లోదే!

అందుకే ముందు బ్యాకప్ వేరే దారిలో తీశాం. వాట్సాప్ లోపల దాని సొంత సెట్టింగ్స్ ఉంటాయి, ఫోన్ సెట్టింగ్స్‌తో వాటికి సంబంధం లేదు. అక్కడ చాట్స్‌లో చాట్ బ్యాకప్ నొక్కితే గూగుల్ అకౌంట్‌లోకి ఎక్కుతుంది. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే అన్నీ సర్దుకోవాలి కాబట్టి వీడియోలు వదిలేయమన్నాను. ముఖ్యమైన ఫొటోలు క్విక్ షేర్‌తో వాళ్ళక్క ఫోన్‌లోకి పంపుకున్నాడు.

తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఈ పనికి కావాల్సింది ఏడీబీ, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే టూల్. గూగుల్ ఆండ్రాయిడ్ డెవలపర్ వెబ్‌సైట్‌లో ప్లాట్‌ఫామ్ టూల్స్ అనే పేరుతో ఉచితంగా దొరుకుతుంది, వేరే చోట నుంచి దించొద్దు. ఆ ఆదేశాలను ఫోన్ ఒప్పుకోవాలంటే ఫోన్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే ఆప్షన్ ఆన్ అయి ఉండాలి. మామూలుగా అయితే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి అది ఆన్ చేసుకుంటాం. సెట్టింగ్స్ లేని ఫోన్లో అది కుదరదు. కానీ కేబుల్ పెట్టి సెట్టింగ్స్ తీసేసినవాడి ఫోన్లో డీబగ్గింగ్ అప్పటికే ఆన్ అయి ఉంటుంది, లేకపోతే తీయగలిగేవాడే కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు కేబుల్ లేకుండా ఫోన్లోనే వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి యాప్‌లు తీసేస్తున్నారు. అట్లా చేసి సెట్టింగ్స్ పోగొట్టుకున్నట్టయితే ఫోన్ రీస్టార్ట్ చేయకండి, వైఫై కూడా ఆపకండి. యూఎస్‌బీ డీబగ్గింగ్ రీస్టార్ట్ తర్వాత కూడా అట్లాగే ఉంటుంది. వైర్‌లెస్ డీబగ్గింగ్ చాలా ఫోన్లలో ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేద్దామంటే సెట్టింగ్స్ ఉండదు. ఏ సమస్య వచ్చినా ముందు స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయడం మనందరికీ అలవాటు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్ కమాండ్ విండోలో "ఏడీబీ డివైసెస్" అని కొట్టాం. జాబితా ఖాళీగా వచ్చింది. తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. కేబుల్ తీసి చూశాను, పవర్ బ్యాంక్‌తో వచ్చిన పొట్టి కేబుల్. అట్లాంటివాటిలో చాలా వాటికి చార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలు ఉండవు. డేటా కేబుల్ పెట్టగానే ఫోన్ సీరియల్ నంబరు కనబడింది, పక్కన "అన్‌ఆథరైజ్డ్" అని ఉంది. ఫోన్ స్క్రీన్ మీద ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా అని పెట్టె వచ్చింది. నా ల్యాప్‌టాప్ దానికి కొత్త కదా. ఆ పెట్టె కూడా సెట్టింగ్స్‌ది కాదు, సిస్టమ్ యూఐ అనే వేరే యాప్‌ది, కాబట్టి మామూలుగానే పనిచేసింది. అలౌ నొక్కాడు.

అప్పుడు తమ్ముడికి ఒకటి చూపించాను. ఫోన్లో ఉన్న ప్యాకేజీల, అంటే యాప్‌ల అసలు పేర్ల జాబితా అడిగితే సెట్టింగ్స్ పేరు లేదు. అదే జాబితాను తీసేసినవాటితో కలిపి చూపించమని, చివర హైఫన్ యు చేర్చి అడిగితే కామ్.ఆండ్రాయిడ్.సెట్టింగ్స్ అనే పేరు ఎదురుగా వచ్చింది. "లోపలే ఉండాదా అన్నా!" అన్నాడు. ఉండక యాడికి పోతుంది? టూల్ వాడినప్పుడు అది వెనక నడిపిన ఆదేశంలో "యూజర్ 0" అని ఉంటుంది. యూజర్ 0 అంటే ఫోన్ సొంతదారు, ఆ యూజర్‌కు మాత్రమే తీసేయమని దాని అర్థం. అసలు ఫైలు జోలికి అది పోలేదు, పోవడం దానికి చేతకాదు కూడా.

వెనక్కి తెచ్చే ఆదేశం ఒక్క వరుసే. ఏడీబీ షెల్ సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్ కామ్.ఆండ్రాయిడ్.సెట్టింగ్స్. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఇన్‌స్టాల్ తర్వాత అడ్డగీత ఉంటుంది, ఖాళీ ఉండదు. ఎంటర్ నొక్కాక ప్యాకేజీ పేరు, పక్కన "ఇన్‌స్టాల్డ్ ఫర్ యూజర్: 0" అని ఒక వరుస వచ్చింది. తమ్ముడు పరదా లాగి చక్రం నొక్కాడు. సెట్టింగ్స్ తెరుచుకుంది. అందులో పాత వైఫై పాస్‌వర్డులు, వేలిముద్రలు అన్నీ అట్లాగే ఉన్నాయి. వాడు నా చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకు టీ గ్లాసు కింద పడింది.

తీసేసి కాకుండా డిసేబుల్ చేసి ఉంటే ఆదేశం వేరు, ఏడీబీ షెల్ పీఎం ఎనేబుల్ అని కొట్టి అదే ప్యాకేజీ పేరు ఇవ్వాలి. షామీ అయినా సామ్‌సంగ్ అయినా సెట్టింగ్స్ ప్యాకేజీ పేరు ఇదే.

పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయించాను. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పైగా చార్జింగ్ కోసం ఎక్కడపడితే అక్కడ కేబుల్ తగిలించే ఫోన్లో దాన్ని ఆన్ చేసి ఉంచడం మంచిది కాదు. అక్కర్లేని యాప్‌లు తీయడం తప్పని నేననను, నా ఫోన్లో నేనూ తీసుకుంటాను. కానీ పేరు తెలియని ప్యాకేజీకి టిక్ పెట్టొద్దు. ఒక్కొక్కటిగా తీసి, ఒక పూట వాడి చూసి, అప్పుడు ఇంకోదాని మీద చెయ్యి వేయాలి.

ఈఎంఐ మీద కొన్న ఫోన్ల గురించి కూడా అడుగుతుంటారు. కొన్ని ఫైనాన్సుల ఫోన్లలో అమ్మేటప్పుడే ఒక కంట్రోల్ యాప్ వేసి, దానికి ఫోన్ మీద పూర్తి అధికారం ఇస్తారు. అట్లాంటి యాప్ తలచుకుంటే సెట్టింగ్స్ దాచగలదు, రీసెట్‌ను కూడా ఆపగలదు. అట్లాంటి ఫోన్ వస్తే నేను ముట్టుకోను. కంతు బాకీ ఉందో లేదో కనుక్కుని, కట్టి ఉంటే రసీదుతో ఫైనాన్స్ ఆఫీసుకే పోయి తీయించుకోమంటాను. బైపాస్ చేస్తామని డబ్బులు గుంజేవాళ్ళు ఉన్నారు, నమ్మొద్దు.

ఇవన్నీ చేసినా కుదరకపోతే, అంటే చక్రం పనిచేయదు, సేఫ్ మోడ్‌లోనూ రాలేదు, డీబగ్గింగ్ ఆన్‌లో లేదు అనుకోండి, అప్పుడు రీసెట్ మాట ఒప్పుకుంటాను. అప్పుడు కూడా ముందు బ్యాకప్, తర్వాత జీమెయిల్, ఆ తర్వాతే రీసెట్. జీమెయిల్ ఏదో తెలుసుకోవడానికి సెట్టింగ్స్ అక్కర్లేదు. ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు మూలలో గుండ్రటి బొమ్మ నొక్కితే పేరు కనబడుతుంది. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ఫోన్ ఇంకా తెరుచుకుని ఉన్నప్పుడే, ఆ జీమెయిల్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు చేతిలో ఉన్నప్పుడే మార్చుకోవాలి. మార్చిన వెంటనే రీసెట్ కొట్టకుండా 24 గంటలు ఆగమని గూగుల్ కూడా చెప్తుంది.

మా షాపులో ఫోన్ ఎవరిది వచ్చినా, ఏ రిపేరుకు వచ్చినా, ఇప్పుడు ఆ గుండ్రటి బొమ్మ నొక్కి చూస్తాను. జీమెయిల్ పేరు బిల్లు వెనకాల పెద్ద అక్షరాల్లో రాసిస్తాను. పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ వచ్చే రికవరీ నంబరు ఆ జీమెయిల్‌లో ఖాళీగా ఉంటే ఇంట్లో ఇంకొకరి నంబరు అడిగి, వాళ్ళకు ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకుని వాళ్ళ ఎదురుగానే చేరుస్తాను. దానికి డబ్బులు తీసుకోను. మీ ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లకు ఈ పని మీరే చేయగలరు, ఐదు నిమిషాలు కూడా పట్టదు.